ఇంటర్‌ఫెరాన్ రెండో డోసు: ప్రాజెక్టు డైరీ

జనవరి 6

టాపిక్ ఖాయమైంది. ఎమ్మెస్సీ చివరి సెమిస్టర్ ప్రాజెక్టు, చేతిలో ఉన్నది ఐదు నెలలు. మా గైడ్ మేడమ్ బోర్డు మీద రాసిన ప్రశ్న ఇది: ఒకే రకం సెల్స్‌కి ఇంటర్‌ఫెరాన్ ఆల్ఫా (వైరస్ వచ్చిందని సెల్స్ ఒకదాన్నొకటి హెచ్చరించుకునే ప్రోటీన్లలో ఒక రకం) ఇస్తే ఒక గుంపు జన్యువులు లేస్తాయి, అంటే పని మొదలుపెడతాయి, గామా అనే ఇంకో రకం ఇస్తే ఇంకో గుంపు లేస్తాయి. రెండు దారుల్లోనూ పని చేసేది స్టాట్1 అనే ఒకే ప్రోటీన్. మరి తేడా ఎక్కడ?

నేను ఇంటర్‌ఫెరాన్ అనగానే తలూపడానికి అసలు కారణం వేరే. మా మామయ్యకి ఒకప్పుడు హెపటైటిస్ సి ఉండేది. ఇప్పటి మాత్రలు రాకముందు సంగతి. వారానికొక పెగిలేటెడ్ (ఒంట్లో ఎక్కువ రోజులు నిలిచేలా మార్చిన) ఇంటర్‌ఫెరాన్ ఇంజెక్షన్, రోజూ రిబావిరిన్ మాత్రలు, మొత్తం 24 వారాలు. శనివారం రాత్రి సూది, ఆదివారమంతా రెండు దుప్పట్లు కప్పుకుని వణుకు. "మొదటి సూదికి చచ్చి బతికాను, నాలుగో సూదికల్లా అలవాటు పడ్డాను" అని ఇప్పటికీ చెప్తాడు. ఆ 'అలవాటు' అనే మాట నా బుర్రలో అలాగే ఉండిపోయింది. మనిషి సరే, సెల్ కూడా అలవాటు పడుతుందా? మేడమ్‌ని అడిగితే నవ్వారు. "ముందు మొదటి డోసు సరిగ్గా చెయ్యి."

జనవరి 9

మూడు రోజులుగా చదవడమే పని. చరిత్ర కాస్త రాసి పెట్టుకుంటున్నా, వైవాలో తప్పకుండా అడుగుతారు. 1957లో లండన్ మిల్ హిల్‌లో అలిక్ ఐజాక్స్, జీన్ లిండెన్‌మన్ కోడిగుడ్డులోని పొర ముక్కలకి వేడితో చంపిన ఫ్లూ వైరస్ తగిలించారు. ఆ ముక్కలు నానిన ద్రవాన్ని తీసి కొత్త ముక్కలకి పోస్తే, వాటి మీద బతికున్న వైరస్ కూడా పెరగలేదు. అడ్డు తగులుతోంది కాబట్టి ఇంటర్‌ఫెరాన్ అన్నారు. అంతకు మూడేళ్ల ముందే, 1954లో, టోక్యోలో నగానో, కొజిమా అలాంటి పదార్థాన్నే చూశారు. పేరు మాత్రం లండన్ వాళ్లకి దక్కింది.

నేను ఇన్నాళ్లూ తప్పుగా అనుకున్నది ఒకటుంది. ఇంటర్‌ఫెరాన్ వైరస్‌ని ముట్టుకోదు. ఊళ్లో దండోరా వేసేవాడు దొంగని పట్టుకోడు కదా, జనం చేత తలుపులు వేయిస్తాడు. ఇదీ అంతే. పక్క సెల్ మీద సంకేతం అందుకునే ప్రోటీన్‌ని, అంటే రిసెప్టర్‌ని తట్టి, దాని న్యూక్లియస్‌లో నిద్రపోతున్న వందల జన్యువుల్ని లేపుతుంది. వాటిలో ఒకటి వైరస్ ఆర్‌ఎన్‌ఏని ముక్కలు చేయిస్తుంది, ఒకటి వైరస్ ప్రోటీన్ల తయారీని ఆపుతుంది, ఇంకొకటి వైరస్ ముక్కల్ని టీ సెల్స్‌కి (రోగనిరోధక సెల్స్‌లో ఒక రకం) చూపించే పళ్లేలు పెంచుతుంది.

దారి ఇలా ఉంటుంది. ఆల్ఫా, బీటా రెండూ ఒకే రిసెప్టర్ మీద కూర్చుంటాయి. దాని తోకలకి జాక్1, టిక్2 అనే ఎంజైములు అంటుకుని ఉంటాయి. గామా రిసెప్టర్ వేరు, అక్కడ జాక్1, జాక్2. ఇంటర్‌ఫెరాన్ వచ్చి కూర్చోగానే ఈ ఎంజైములు మేలుకుని స్టాట్1లో 701వ స్థానంలోని టైరోసిన్ అనే అమైనో ఆమ్లం మీద ఫాస్ఫేట్ పెడతాయి. ఇక్కడివరకూ రెండూ ఒకటే. తర్వాత దారులు చీలతాయి. గామా వైపు రెండు స్టాట్1లు జత కడతాయి. ఆల్ఫా వైపు స్టాట్1తో స్టాట్2 కలుస్తుంది, ఐఆర్ఎఫ్9 తోడొస్తుంది. ఈ ముగ్గురి జట్టు పేరు ఐఎస్‌జీఎఫ్3. ఎవరు ఎవరితో వెళ్లారో దాన్ని బట్టి డీఎన్‌ఏ మీద దిగే చోటు మారిపోతుంది.

ఆ చోటు కంటితో చూడాలనిపించి రెండు జన్యువుల ప్రమోటర్లు (జన్యువు ముందుండి దాన్ని నడిపించే డీఎన్‌ఏ భాగాలు) ప్రింట్ తీసి హైలైటర్ పట్టుకుని కూర్చున్నా. ఐఎస్‌జీ15 ముందర ఇలా ఉంది: జీ ఏ ఏ ఏ, సీ సీ, జీ ఏ ఏ ఏ. ముగ్గురి జట్టు దిగేది ఇక్కడే. ఐఆర్ఎఫ్1 ముందర: టీ టీ సీ, సీ సీ సీ, జీ ఏ ఏ. స్టాట్1 జంట దిగేది ఇక్కడ. రెండోది అద్దంలో చూసినట్టుంటుంది. టీ టీ సీని తిరగేసి ఎదురు పోగు మీద చదివితే జీ ఏ ఏ వస్తుంది. ఒకేలాంటి ఇద్దరు ఎదురెదురుగా కూర్చోవడానికి కుదిరేలా. ఇంత చిన్న తేడా మీద ఇంత కథ నడుస్తోందంటే ప్రింట్ తీసిన కాగితం పారేయబుద్ధి కాలేదు. హాస్టల్ గదిలో బీరువా తలుపుకి అంటించా.

జనవరి 12

రేపటి నుంచి భోగి, సంక్రాంతి, కనుమ. సెల్స్‌కి పండగ తెలియదు. మేం వాడేవి హీలా సెల్స్ (ల్యాబుల్లో పెంచే మనిషి కాన్సర్ సెల్స్), మూడు రోజులకోసారి విడదీసి కొత్త ఫ్లాస్కులో వేయకపోతే ఒకదాని మీదొకటి పెరిగిపోతాయి. మా ల్యాబ్‌లో పీహెచ్‌డీ చేస్తున్న అక్క ఊరెళ్లడం లేదు. "పో, నేను చూస్తాలే, అరిసెలు మర్చిపోకు" అంది. రెండు ఫ్లాస్కులు ఆమెకి అప్పజెప్పి ఖమ్మం బస్సెక్కా.

జనవరి 21

అరిసెలు ఇచ్చి ఫ్లాస్కులు తీసుకున్నా. ఈ వారమంతా ప్రైమర్ల పరీక్ష, అంటే ఒక్కో జన్యువుని కొలవడానికి వాడే చిన్న డీఎన్‌ఏ ముక్కల పరీక్ష. రాయడానికి పెద్దగా ఏమీ లేదు. ఆరు జన్యువులకి ప్రైమర్లు: ఐఎస్‌జీ15, ఎంఎక్స్1, ఐఆర్ఎఫ్1, సీ-టూ-టీఏ, హెచ్‌ఎల్‌ఏ-డీఆర్ఏ, ఎప్పుడూ నిలకడగా ఉండాల్సిన జీఏపీడీహెచ్. ఎంఎక్స్1 మెల్ట్ కర్వ్‌లో రెండు శిఖరాలు వచ్చాయి, అంటే ఒకటి కాక రెండు సరుకులు తయారవుతున్నాయి, మళ్లీ ఆర్డర్ పెట్టాం. మిగతావి బాగున్నాయి.

జనవరి 29

మొదటి అసలు ప్రయోగం. ఆల్ఫా మిల్లీలీటరుకి 1000 యూనిట్లు, 8 గంటలు. పక్కన ఏమీ వేయని సెల్స్.

లెక్క ఒకసారి పూర్తిగా రాస్తున్నా, తర్వాత బ్యాచ్ వాళ్లకి పనికొస్తుంది. జన్యువు ఎంత పని చేస్తోందో కొలిచే క్యూపీసీఆర్ మెషీన్ ఇచ్చేది సీటీ విలువ, అంటే ఎన్నో చక్రంలో వెలుగు గీత దాటిందో ఆ సంఖ్య. ఎంత తక్కువైతే సరుకు అంత ఎక్కువ. ఏమీ వేయని సెల్స్‌లో ఐఎస్‌జీ15 సీటీ 27.1, జీఏపీడీహెచ్ 16.2. తేడా 10.9. ఆల్ఫా వేసిన వాటిలో 20.4, 16.1. తేడా 4.3. రెండు తేడాల మధ్య తేడా 6.6. ప్రతి చక్రంలో రెట్టింపవుతుంది కాబట్టి 2కి 6.6 ఘాతం వేస్తే సుమారు 97. అంటే 8 గంటల్లో 97 రెట్లు.

చూసిన వెంటనే లేచి అక్కని పిలిచా. ఆమె చూసి, "మూడు సార్లు రానీ, అప్పుడు ఎగురు" అంది. నిజమే. కానీ కాలేజీ ప్రాక్టికల్స్‌లో మేం చూసిన తేడాలన్నీ ఒకటిన్నర రెట్లు, రెండు రెట్లు. 97 రెట్లు చూసినవాడికి ఎగరాలనిపించదా!

ఫిబ్రవరి 5

గామా పని చేయడం లేదు. మిల్లీలీటరుకి 10 నానోగ్రాములు వేశా. ఐఆర్ఎఫ్1 కదల్లేదు. సీ-టూ-టీఏ కదల్లేదు.

ఫిబ్రవరి 8

మళ్లీ వేశా. మళ్లీ అంతే.

ఫిబ్రవరి 12

టెన్షన్ మొదలైంది. అనుమానాలు ఒక్కొక్కటే కొట్టేస్తూ వచ్చా. ప్రైమర్లు చెడ్డవా? కాదు, ఆల్ఫా వేసిన శాంపిల్లో ఐఆర్ఎఫ్1 కాస్త లేస్తోంది. ఆల్ఫా వల్ల కూడా కొన్ని స్టాట్1 జంటలు ఏర్పడతాయి, అది మామూలే. ఆర్‌ఎన్‌ఏ పాడైందా? అవే సెల్స్, అదే రోజు, అదే చేయి. ఇంటర్‌ఫెరాన్ చాలాసార్లు గడ్డకట్టి కరిగిందా? కావచ్చు. కొత్త ట్యూబ్ తీశా, అదే ఫలితం. హీలాకి గామా రిసెప్టరే లేదా? అది అర్థం లేని ప్రశ్న, గామా మీద ఈ సెల్స్‌లో ఎంతో పని జరిగింది.

చివరికి ఇంకో మెట్టు వెనక్కి వెళ్లి చూడమంది అక్క. జన్యువు దాకా ఎందుకు, స్టాట్1 మీద ఫాస్ఫేట్ పడుతోందా లేదా ముందు అది చూడు అని. వెస్టర్న్ బ్లాట్ వేశా, అంటే ప్రోటీన్లని జెల్‌లో సైజు వారీగా విడదీసి యాంటీబాడీతో పట్టుకునే పరీక్ష. సెల్స్‌ని 30 నిమిషాలకే ఐస్ మీదకి తీసి, ఫాస్ఫేట్ ఊడిపోకుండా వెనడేట్ కలిపిన బఫర్‌లో కరిగించి. అలవాటు కొద్దీ బ్లాకింగ్‌కి (యాంటీబాడీ ఎక్కడపడితే అక్కడ అంటుకోకుండా చేయడానికి) పాలపొడి డబ్బా అందుకుంటే అక్క చేతి మీద కొట్టింది. పాలలో కేసిన్ ఉంటుంది, దాని నిండా ఫాస్ఫేట్లే. ఫాస్ఫేట్ ఉన్న స్టాట్1ని పట్టే యాంటీబాడీకి అది గందరగోళం, బదులు బీఎస్‌ఏ అనే ప్రోటీన్ వాడాలి.

బ్లాట్ చాలా శుభ్రంగా వచ్చింది. ఆల్ఫా లేన్‌లో 91 కిలోడాల్టన్ల దగ్గర, అంటే స్టాట్1 బరువు దగ్గర, నల్లటి పట్టీ. గామా లేన్ ఖాళీ. అంటే గామా తలుపే తట్టడం లేదు.

ఫిబ్రవరి 13

దొరికింది. ఫ్రీజర్‌లో నుంచి పెట్టె మొత్తం బయటికి తీసి రిజిస్టర్‌తో సరిచూస్తే, నేను వాడుతున్న వరసలోని ట్యూబులన్నీ ఎలుక గామా! మూత మీద మార్కర్‌తో 'గామా' అని మాత్రమే ఉంది. పెట్టె పక్కన రాసిన 'మౌస్' అన్న మాట మంచుకి చెరిగిపోయింది. ఎలుక గామా మనిషి రిసెప్టర్ మీద పని చేయదు, మనిషిది ఎలుక మీద చేయదు. ఇంటర్‌ఫెరాన్లలో ఇంత పట్టింపు ఉన్నది ముఖ్యంగా గామాకే. ఈ వాక్యం జనవరి 9న చదివిన నోట్సులో నా చేతిరాతతోనే ఉంది.

ఎవర్నీ అనడానికి లేదు. రిజిస్టర్ చూడకుండా ట్యూబు తీసింది నేనే. సుమారు పది రోజులు, రెండు కిట్ల సరుకు. మేడమ్ దగ్గరకి బిక్కచచ్చి వెళ్తే, ఆవిడ బ్లాట్ చూసి, "థీసిస్‌లో నెగటివ్ కంట్రోల్ కింద పెట్టు, ఇంతకంటే మంచి కంట్రోల్ దొరకదు" అన్నారు. మందలింపు ఉంటుందనుకున్నా. ఉంది, సాయంత్రం గ్రూప్ మెసేజ్ రూపంలో: ఇకపై మూత మీద జాతి పేరు రాయని ట్యూబు కనబడితే పారేస్తాను.

ఫిబ్రవరి 25

మనిషి గామాతో, ఆల్ఫాతో పూర్తి టైమ్‌కోర్స్ (వేర్వేరు గంటలకి సెల్స్ తీసి కొలవడం) అయింది. 0, అరగంట, 1, 2, 4, 8, 24, 48 గంటలు. రెండు రాత్రులు ల్యాబ్‌లోనే, క్యాంటీన్ మూసేశాక బిస్కెట్లతో.

ఇదంతా ఒక్క ముక్కలో చెప్పమంటే: స్విచ్ వేస్తే బల్బు వెలిగినట్టు ఉంటుందనుకున్నా, కానీ ఇది వరసగా జరిగే పెళ్లి తంతులా ఉంది.

గామా వేసిన రెండు గంటలకే ఐఆర్ఎఫ్1 శిఖరానికి వెళ్లి దిగడం మొదలుపెట్టింది. సీ-టూ-టీఏ నాలుగు గంటలకి తల ఎత్తింది. హెచ్‌ఎల్‌ఏ-డీఆర్ఏ సాయంత్రం దాకా పెద్దగా చలనం లేదు, 24 గంటలకి మాత్రం విరగబడి వచ్చింది. మొదట్లో మెషీన్ 'అన్‌డిటర్మిన్డ్' అని చూపించిన జన్యువు అది, అంటే 40 చక్రాల్లోనూ గీత దాటలేదు. 24 గంటల శాంపిల్లో సీటీ 24. మొదటి సంఖ్యే లేనప్పుడు ఎన్ని రెట్లు అని ఎలా రాయాలో తెలియక, 'లేదు' నుంచి 'ఉంది' అని రాసుకున్నా.

ఈ ఆలస్యానికి అర్థం ఉంది. స్టాట్1 జంట హెచ్‌ఎల్‌ఏ-డీఆర్ఏ దగ్గరకి నేరుగా వెళ్లి పని చేయదు. ముందు ఐఆర్ఎఫ్1ని లేపుతుంది. తయారైన ఐఆర్ఎఫ్1 ప్రోటీన్, స్టాట్1 కలిసి సీ-టూ-టీఏని లేపుతాయి. ఆ సీ-టూ-టీఏ విచిత్రమైన మనిషి: డీఎన్‌ఏని తాను ముట్టుకోదు, అప్పటికే అక్కడ కూర్చున్న ప్రోటీన్ల భుజం మీద చేయి వేసి పని చేయిస్తుంది. అప్పుడు గానీ హెచ్‌ఎల్‌ఏ-డీఆర్ఏ రాదు. టీ సెల్స్‌కి శత్రువు ముక్కని చూపించే పళ్లెంలో సగభాగం అది.

ఈ గొలుసు తెగితే ఏమవుతుందో మన దేశంలో మరీ ముఖ్యం. పుట్టిన బిడ్డకి ఇక్కడ క్షయ రాకుండా బీసీజీ టీకా వేస్తారు, అందులో ఉండేది బలహీనపరిచిన బతికున్న క్రిమి. గామా రిసెప్టర్ జన్యువు పుట్టుకతోనే పాడైన పిల్లలకి, అందరికీ మేలు చేసే ఆ బలహీనమైన క్రిమి కూడా ఒళ్లంతా పాకుతుంది. 1996లో ఈ లోపాన్ని మొదటిసారి జన్యువు స్థాయిలో పట్టుకున్నారు. అలాంటి కుటుంబాలు అరుదే. అయినా టైమ్‌కోర్స్ గ్రాఫ్ గీస్తున్నప్పుడు ఆ గీత లేవకపోతే అంటే అర్థం ఏమిటో అప్పుడు తట్టింది.

ఆల్ఫా గ్రాఫ్‌లో మాత్రం ఒకటి అతకలేదు. స్టాట్1 మీద ఫాస్ఫేట్ అరగంటకి గరిష్ఠం, నాలుగు గంటలకి దాదాపు లేదు. ఐఎస్‌జీ15 మాత్రం 48 గంటలకి కూడా ఎత్తుగానే ఉంది. పొయ్యి ఆరిపోయినా అన్నం ఉడుకుతున్నట్టు. మేడమ్ చెప్పిన మాట: ఆల్ఫా వల్ల స్టాట్1, స్టాట్2, ఐఆర్ఎఫ్9 జన్యువులు కూడా లేస్తాయి. అవి మూడూ పోగుపడ్డాక, ఫాస్ఫేట్ లేకుండానే జట్టు కట్టి కొన్ని జన్యువుల్ని రోజుల తరబడి నడిపిస్తాయి.

మార్చి 5

సైక్లోహెక్సిమైడ్ ప్రయోగం. ఇది కొత్త ప్రోటీన్ల తయారీని ఆపేసే మందు. దీన్ని గామాతో కలిపి వేస్తే, ఏ జన్యువు నేరుగా స్టాట్1 మాట వింటుందో, ఏది మధ్యవర్తి కోసం ఆగుతుందో తేలుతుంది. అత్యాశతో 24 గంటలు ఉంచా. పొద్దున వచ్చి చూస్తే సెల్స్ అన్నీ ఊడి, మీడియాలో పిండిలా తేలుతున్నాయి.

మార్చి 9

8 గంటలకి కుదించా. ఐఆర్ఎఫ్1 మందు ఉన్నా లేచింది, నిజానికి మందు లేని దానికంటే ఎక్కువ లేచింది. హెచ్‌ఎల్‌ఏ-డీఆర్ఏ మందు లేని ప్లేటులో అప్పుడే కొద్దిగా కనిపిస్తోంది, మందు ఉన్న ప్లేటులో లేదు. గొలుసు కథ సరిపోయింది.

నన్ను పట్టుకున్నది ఆ 'ఎక్కువ లేచింది' అన్న మాట. ఆల్ఫాతో ఐఎస్‌జీ15కీ అదే జరిగింది. కొత్త ప్రోటీన్లు ఆపేస్తే జన్యువు ఇంకా ఎక్కువ, ఇంకా ఎక్కువసేపు నడుస్తోంది. అంటే ఇంటర్‌ఫెరాన్ లేపే ప్రోటీన్లలోనే ఎవరో ఒకరు ఆపే పని కూడా చేస్తున్నారన్నమాట. దీన్ని హీలా సెల్స్‌లో 1980లలోనే న్యూయార్క్ రాక్‌ఫెల్లర్‌లో జేమ్స్ డార్నెల్ బృందం చూసింది. తర్వాత స్టాట్‌లని బయటపెట్టింది కూడా ఆ బృందమే. మామయ్య 'అలవాటు' మళ్లీ గుర్తొచ్చింది. ఈసారి మేడమ్ నవ్వలేదు. "సరే, రెండో డోసు చెయ్యి" అన్నారు.

మార్చి 19

ప్లాన్: ఆల్ఫా 8 గంటలు. కడిగేసి, ఆల్ఫా లేని మీడియాలో 16 గంటల విశ్రాంతి. తర్వాత మళ్లీ ఆల్ఫా, లేదా బీటా, లేదా గామా, 30 నిమిషాలు. ఫాస్ఫో స్టాట్1 (ఫాస్ఫేట్ పడినది), మొత్తం స్టాట్1 రెండూ బ్లాట్‌లో.

మార్చి 22

ఇదీ బ్లాట్. ఎడమ నుంచి చెప్తా. ఒకటో లేన్: ఏమీ వేయనివి, ఖాళీ. రెండు: మొదటిసారి ఆల్ఫా, నల్లగా నిండుగా. మూడు: ముందు ఆల్ఫా తిని విశ్రాంతి తీసుకున్నవాటికి మళ్లీ ఆల్ఫా. ఖాళీ! చాలాసేపు ఎక్స్‌పోజ్ చేస్తే నీడలా ఒక గీత. నాలుగు: అవే సెల్స్‌కి బీటా. సగం. ఐదు: అవే సెల్స్‌కి గామా. రెండో లేన్ కంటే నల్లగా.

కింద మొత్తం స్టాట్1 బ్లాట్ చూసి ఇంకా ఆశ్చర్యపోయా. మూడో లేన్‌లో స్టాట్1 మొదటి రెండు లేన్ల కంటే చాలా ఎక్కువ ఉంది. ఎందుకంటే స్టాట్1 కూడా ఆల్ఫా లేపే జన్యువే. సరుకు గోదాము నిండా ఉంది, తీసుకెళ్లే లారీ కదలడం లేదు. గామా దారి మాత్రం తెరిచే ఉంది, గోదాములో సరుకు పెరిగింది కాబట్టి అక్కడ సిగ్నల్ మామూలు కంటే బలంగా వచ్చింది.

అంటే సెల్ మొద్దుబారలేదు. ఆల్ఫాకి మాత్రం చెవులు మూసుకుంది. బీటాకి సగం మూసుకుంది. ఆల్ఫా, బీటా కూర్చునేది ఒకే రిసెప్టర్ మీద అయినా, బీటా పట్టు చాలా గట్టిది.

గ్రూప్ మీటింగ్‌లో మేడమ్ వేసిన ప్రశ్న సూటిగా ఉంది: "రిసెప్టర్లు లోపలికి వెళ్లిపోయి ఇంకా తిరిగి రాలేదేమో?" నా దగ్గర జవాబు లేదు.

మార్చి 30

ఆల్ఫాకి సెల్ చెవులు మూసిన అనుమానితుడు యూఎస్‌పీ18 అనే ప్రోటీన్. ఆల్ఫా లేపే జన్యువుల్లో ఇదొకటి. మొదట దీన్ని వేరే పనికి గుర్తించారు: ఐఎస్‌జీ15 అనే చిన్న ప్రోటీన్ వేరే ప్రోటీన్లకి అతుక్కుంటుంది, దాన్ని ఊడదీసే కత్తెర ఇది. మా ఐఎస్‌జీ15 బ్లాట్‌లో ఆ అతుక్కోవడం కళ్లకి కనిపిస్తుంది. 15 కిలోడాల్టన్ల దగ్గర ఒక ముద్ద, దానిపైన జెల్ పొడుగునా నిచ్చెన మెట్లలా పట్టీలు. మొదటిసారి చూసినప్పుడు యాంటీబాడీ చెడిపోయిందనుకున్నా. యూఎస్‌పీ18 రెండో పని దీనికి సంబంధం లేనిది. ఆల్ఫా రిసెప్టర్ రెండో ముక్క తోక మీద వెళ్లి కూర్చుని జాక్1కి చోటు ఇవ్వదు. కత్తెర పని చేయకపోయినా ఈ కూర్చోవడం చాలు.

ఇంకో మలుపు. మనిషిలో ఐఎస్‌జీ15 ఈ యూఎస్‌పీ18ని విరిగిపోకుండా కాపాడుతుంది. అందుకే ఐఎస్‌జీ15 లేకుండా పుట్టిన మనుషుల్లో ఇంటర్‌ఫెరాన్ జవాబు తగ్గదు, ఆగకుండా సాగుతుంది. ఎలుకలో ఈ కాపలా లేదు. ఎలుక ట్యూబుతో పది రోజులు పోగొట్టుకున్నవాడిగా ఈ వాక్యాన్ని రెండుసార్లు చదివా.

యూఎస్‌పీ18 అసలు లేకుండా పుట్టిన శిశువుల గురించీ చదివా. కడుపులో ఇన్‌ఫెక్షన్ సోకినట్టే ఉంటుంది, మెదడులో రక్తస్రావం, వాపు, కానీ ఏ వైరసూ దొరకదు. ఆపేవాడు లేక ఇంటర్‌ఫెరాన్ దండోరా ఆగదు. వాళ్లలో ఒక బిడ్డని జాక్‌లని అడ్డుకునే రక్సోలిటినిబ్ మందుతో కాపాడగలిగారు.

ఏప్రిల్ 6

ఎస్‌ఐఆర్ఎన్‌ఏతో (ఎంచుకున్న జన్యువు పనిని తగ్గించే చిన్న ఆర్‌ఎన్‌ఏ) యూఎస్‌పీ18ని తగ్గించే ప్రయత్నం. 50 నానోమోలార్. ఫలితం గందరగోళం. ఏ జన్యువునీ గురిపెట్టని కంట్రోల్ ఎస్‌ఐఆర్ఎన్‌ఏ వేసిన సెల్స్‌లోనే ఐఎస్‌జీ15 లేచి కూర్చుంది, ఇంటర్‌ఫెరాన్ చుక్క కూడా వేయకుండా.

ఏప్రిల్ 8

రెండు రోజులు తల పట్టుకున్నాక ఆలోచిస్తే నవ్వొచ్చింది. ఎస్‌ఐఆర్ఎన్‌ఏ అంటే ఏమిటి? చిన్న జంట పోగుల ఆర్‌ఎన్‌ఏ. సెల్ లోపల జంట పోగుల ఆర్‌ఎన్‌ఏ కనిపిస్తే సెల్‌కి తట్టేది ఒక్కటే: వైరస్ వచ్చింది. వెంటనే తానే బీటా తయారుచేసి బయటికి వదులుతుంది. ఇంటర్‌ఫెరాన్ని చదవడానికి నేను తీసుకున్న పనిముట్టే ఇంటర్‌ఫెరాన్ని పుట్టిస్తోంది. దొంగని పట్టడానికి పెట్టిన కుక్క ఇంటివాళ్లని చూసి మొరిగినట్టు.

అక్క సలహాలు: మోతాదు 10 నానోమోలార్‌కి దించు, రసాయనికంగా మార్చిన ఎస్‌ఐఆర్ఎన్‌ఏ కొను, ప్రతి ప్లేటులోనూ ట్రాన్స్‌ఫెక్షన్ మందు (ఆర్‌ఎన్‌ఏని సెల్ లోపలికి చేర్చేది) మాత్రమే వేసిన గుంట ఒకటి పెట్టు. ఆర్డర్ వెళ్లింది. వచ్చేదాకా థీసిస్ మొదటి అధ్యాయం.

ఏప్రిల్ 27

సరుకు ఆలస్యంగా వచ్చింది. ఈ మధ్యలో ఎండలు మండాయి, ఓ మధ్యాహ్నం కరెంటు పోయి ఇంక్యుబేటర్ జనరేటర్ మీద నడిచింది. సెల్స్ బతికాయి.

10 నానోమోలార్‌తో కంట్రోల్ శుభ్రంగా ఉంది, ఐఎస్‌జీ15 నేల మీదే. యూఎస్‌పీ18 ఆర్‌ఎన్‌ఏ నాలుగో వంతుకి తగ్గింది. ఇక అసలు బ్లాట్: కంట్రోల్ సెల్స్‌కి రెండో ఆల్ఫా వేస్తే ఎప్పటిలాగే ఖాళీ. యూఎస్‌పీ18 తగ్గించిన సెల్స్‌కి రెండో ఆల్ఫా వేస్తే పట్టీ తిరిగి వచ్చింది! మొదటి డోసంత నలుపు కాదు, కానీ ఎవరికైనా కనిపించేంత. అంటే రిసెప్టర్లు సెల్ మీద ఉన్నాయి, వినగలవు, వాటి నోరు ఎవరో మూస్తున్నారు. మేడమ్ ప్రశ్నకి నా జవాబు ఇదే. పూర్తి జవాబు కాదు, రిసెప్టర్లు కొన్ని తగ్గి కూడా ఉండొచ్చు. ఫ్లో సైటోమెట్రీలో, అంటే సెల్స్‌ని ఒక్కొక్కటిగా లేజర్ ముందు పంపే మెషీన్లో, వాటిని లెక్కపెట్టమన్నారు, టైమ్ చాలదు.

మే 4

రిపీట్లు. ఆల్ఫా మూడు సార్లు అయింది. గామా మూడు. బీటా రెండే, ఒకదాంట్లో జెల్ చిరిగింది.

మే 11

ప్రెజెంటేషన్ రిహార్సల్. చివరి స్లైడ్‌లో మామయ్య పేరు లేకుండా ఆయన కథ పెట్టి, సూదికి అలవాటు పడటానికి కారణం యూఎస్‌పీ18 కావచ్చు అని రాశా. మేడమ్ ఆ స్లైడ్ దగ్గర ఆపేశారు. జ్వరం పుట్టేది మెదడు దాకా వెళ్లే వేరే సంకేతాల వల్ల, నువ్వు చూసింది గర్భాశయ ముఖద్వార కాన్సర్ నుంచి వచ్చిన సెల్స్‌లో అరగంట ఫాస్ఫేట్. ఈ రెండింటికీ మధ్య దారి నువ్వు చూపించలేదు. తీసెయ్.

తీసేశా. దాని బదులు ఆవిడే ఒక మంచి ముక్క ఇచ్చారు. 2008లో బాసెల్ పరిశోధకులు హెపటైటిస్ సి రోగుల లివర్ ముక్కలు చూశారు. మందు మొదలుపెట్టకముందే ఎవరి లివర్‌లో ఇంటర్‌ఫెరాన్ జన్యువులు లేచి ఉన్నాయో, వాళ్లకే ఇంజెక్షన్లు సరిగ్గా పని చేయలేదు. లివర్ అప్పటికే అరుస్తోంది, మనం బయట నుంచి ఇంకా అరిస్తే వినడానికి ఎవరున్నారు? దీన్ని నా మూడో లేన్ పక్కన పెట్టి చూపించొచ్చు, కారణం అని చెప్పకుండా. ఇది నాకు నచ్చింది, ఎందుకంటే ఇన్నాళ్లూ నేను ఏమీ వేయని సెల్స్ లేన్‌ని పట్టించుకునేవాడిని కాదు. అది ఖాళీగా ఉందంటే చాలు, ముందుకి వెళ్లేవాడిని. ఎస్‌ఐఆర్ఎన్‌ఏ కంట్రోల్ బుద్ధి చెప్పాక కూడా.

మే 14

మామయ్య బ్యాంకు పని మీద హైదరాబాద్ వచ్చాడు. టిఫిన్ చేస్తూ ఫోన్లో బ్లాట్ చూపించా. కళ్లజోడు పైకి తోసి, వేలితో స్క్రీన్ పెద్దది చేసి చూశాడు.

"ఈ మూడో గడిలో ఏమీ లేదేంట్రా?"

"అదే మామయ్యా, నేను ఐదు నెలలు చేసింది."

ఆయన ఇంకాసేపు చూసి ఫోన్ తిరిగిచ్చి, ఇంకో దోసె చెప్పాడు.

బీటా మూడో రిపీట్‌కి సెల్స్ ప్లేటులో వేశా. రేపు ఉదయం 8కి ఆల్ఫా, సాయంత్రం 4కి కడగడం, ఎల్లుండి 8కి బీటా.